మొదటి గంప

నరసింగరావు పేరెత్తితే అసిరయ్యకి ఇప్పటికీ నోరు చేదెక్కుతుంది. సొంత పెళ్లాం అన్న! భోగాపురం పక్కకి విమానాలొస్తాయని, నేల ధర పెరుగుతుందని ముందే వాసన పట్టి, బావని బ్రాందీషాపులో కూచోబెట్టి, పీకలదాకా పోయించి, అతని సరుగుడు తోటలో రోడ్డువైపు ముక్కకి సంతకం పెట్టించుకున్నాడు. మూడో తరగతితో బడి మానేసినవాడికి ఆ కాగితంలో ఏముందో ఏం తెలుస్తుంది?

ఆ కసికి అసిరయ్య మరీ తాగాడు. మానాలనీ చూశాడు. తల్లి మరిడమ్మ తాయెత్తు కట్టింది, అమ్మోరి ముందు ఒట్టు వేయించింది. ఆ భయం పొద్దుగూకేదాకానే.

అలాంటివాడు, వలపెద్ద గంగులుకి జ్వరమొచ్చిన రోజున అలివి వలకి కాపు నిలబడ్డాడు. ఒడ్డునుంచి ఊరంతా లాగే వల అది. దిబ్బ మీద కాపు మనిషి చేతిలో గుడ్డ దించేదాకా తాడు బిగించకూడదు. తొందరపడితే చేప బెదిరిపోతుంది. వల ముందు కవ్వళ్ల చేపల మంద నల్లగా కదులుతోంది.

"దించరా! ఏటి సూస్తన్నావు, నిద్రోతన్నావేటి?" కిందనుంచి కేకలు.

"నోరు ముయ్యండెహె! మంద ఇంకా తిరగనేదు."

అసిరయ్య గుడ్డ దించలేదు. మందంతా లోపలికి తిరిగాకే గుడ్డ కిందికి కొట్టాడు. అంత చేప పడ్డ వల లాగడానికి పక్కూరి జనం కూడా రావలసొచ్చింది.

కాపు నిలబడ్డవాడి ఇల్లాలి నెత్తికే మొదటి గంప ఎత్తడం ఆ ఊరి ఆనవాయితీ. ఎప్పుడూ చివర నిలబడే అతని పెళ్లాం లక్ష్మణమ్మ ఆవేళ అందరికీ ముందు నడిచింది.

"తప్పుకోండే, పెద్దోరి పెళ్లాం వస్తన్నాది!" ఆడాళ్లు మేలమాడారు.

"వస్తన్నాను, తప్పుకో మరి!" అంది, నీళ్లోడే గంప కింద మెడ నిక్కించి.

వెనకాల అసిరయ్య రొమ్ము ఉప్పొంగింది. సాయంత్రం కాళ్లు షాపువైపు లాగితే ఆ నడకే కళ్లకి కట్టింది. ఇంటికెళ్లిపోయాడు. మర్నాడూ అంతే. గంగులు లేచి తిరుగుతున్నా గుడ్డ అసిరయ్య చేతిలోనే ఉంచాడు.

కొన్నాళ్లకి నరసింగరావు, మిగిలిన ముక్క మీద కన్నేసి, సీసాతో దిబ్బెక్కాడు.

"ఒక్క గుక్కెయ్యి బావా. మనలో మనకి కోపాలేటి?"

మూత తీసిన వాసనకి అసిరయ్య మొహం సీసావైపు తిరిగింది, మళ్లీ దిబ్బ కిందికి చూశాడు. కింద లక్ష్మణమ్మ గంప పట్టుకుని ఎవరితోనో నవ్వుతోంది.

"సూడు నీ సెల్లెల్ని, ఎలాగ నిలబడ్డాదో. ఊరి వల నా సేతిలో ఉన్నాది బావా. నీ సీసా పట్టడానికి సెయ్యి ఖాళీ నేదు."

"ఓస్! గుడ్డముక్క పట్టుకుని రాజువైపోనావేటి?"

"అయిపోనాను. జరుగు, నీళ్లు కనపడ్డం నేదు."

నరసింగరావు మూత బిగించుకుని దిగిపోయాడు. మిగిలిన తోట అసిరయ్యదే. రోడ్డువైపుది మాత్రం రాలేదు, రాదు కూడా. పోయింది ముప్పై ఎనిమిది సెంట్లు.