నోరు తెచ్చుకున్నవాళ్ళు

ముప్పై ఎనిమిదో స్లైడు కడిగి, వెలుతురుకెత్తి చూసి, మూల ఇంకా మరక ఉన్నట్టనిపించి టెక్లా దాన్ని మళ్ళీ సబ్బునీళ్ళలో వేసింది. కడిగినవన్నీ ఆరోగ్య కేంద్రం వరండాలో చెక్క పిట్టగోడ మీద వరుసగా ఆరుతున్నాయి. ముప్పై ఒక్కేళ్ళుగా పొద్దున్నే ఆమె చేసే మొదటి పని ఇదే. స్పిరిటులో నానీ నానీ వేళ్ళ చివరలు పాలిపోయి, పగుళ్ళు పట్టాయి. మనిషి పొట్టి, భుజాలు వెడల్పు. వక్కా సున్నం నమిలి పళ్ళు ఎర్రబడ్డాయి. కుడికన్ను ఎడమదానికన్నా కాస్త చిన్నది. మైక్రోస్కోపులో చూసీ చూసీ అలా అయిందని ఆమె అంటుంది. పుట్టుకతోనే అంతేనని ఆమె చెల్లెలు అంటుంది.

ఇవాళ మాత్రం చేతులు స్లైడ్ల మీదున్నా చెవులు దారి మీదే ఉన్నాయి. పామాయిల్ తోటల లారీ చప్పుడు కోసం వింటోంది. నిన్న సాయంత్రం ఆ లారీ డ్రైవరుకి ఆమె ఒక కబురు చెప్పి పంపింది. తీరం పొడవునా ఏడు ఊళ్ళలో చెప్పమంది. "మాత్రల పరీక్షలో ఉండి, కాన్పయ్యాక రెండోసారి నెత్తురివ్వడానికి ఒంటరిగా వచ్చిన ఆడవాళ్ళు రేపు పొద్దున్న రండి. నోరు తెచ్చుకోండి."

సంగతేమిటంటే, గర్భిణులకు మలేరియా రాకుండా ఒక కొత్త మాత్ర ఉంది. దాన్ని నాలుగు దేశాల్లో ఒకేసారి పరీక్షిస్తున్నారు. రెండు ఆఫ్రికాలో, ఒకటి ఆసియాలో, నాలుగోది న్యూ బ్రిటన్ దీవిలోని ఈ తీరం. ఇక్కడ రెండువందల నలభైమంది చేరారు. లెక్కలు చూడటానికి మెల్‌బోర్న్ నుంచి రోవెనా వచ్చింది. ఆమెతోపాటు రాజధాని నుంచి డాక్టర్ వాగి వచ్చాడు. నిన్న సాయంత్రం వాగి కాగితం పట్టుకుని, మొహం వేలాడేసుకుని వరండాలోకి వచ్చాడు.

"అక్కా, అరవై ఒక్కమంది ఆచూకీ లేదంటోంది లెక్క. ఎటుపోయారు వీళ్ళంతా?"

"ఎటూ పోలేదు తమ్ముడూ. అందులో సగంమందిని ఇవాళ చేపల రేవులో చూశాను."

"నువ్వు చూస్తే చాలదక్కా. పదిమందిలో ఒకరికన్నా ఎక్కువమంది తప్పిపోతే ఈ తీరం లెక్క మొత్తం కొట్టేస్తారు. మిగతా మూడు దేశాలతోనే పుస్తకం ముగించేస్తారు. రేపు మూడింటికి పడవ. ఆలోగా ఏమైనా తేలితే తేలినట్టు."

కొట్టేస్తే ఏమవుతుందో టెక్లాకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ మాత్ర ఈ గాలికి, ఈ దోమలకి, ఈ నెత్తురుకి పనిచేస్తుందో లేదో ఎప్పటికీ తెలియదు. తెలియని మందుని ఎవరూ పంపరు. పైగా ఆ తీరంవాళ్ళు నిలకడలేని మనుషులని ఎక్కడో ఒక గదిలో రాసుకుంటారు. తొలి కాన్పుకి ముందు టెక్లాకి జ్వరం వచ్చింది. ఏడో నెలలో బిడ్డ పోయింది. పోయిన బిడ్డ మొహం ఆమెకి ఇప్పటికీ గుర్తే. ఆ తర్వాతే ఆమె ఈ స్లైడ్ల పనిలో చేరింది.

ఏడున్నరకి లారీ వచ్చింది. పండ్ల గెలల మీద గోనెలు పరుచుకుని, చంకల్లో మూణ్ణెల్ల, నాలుగు నెలల పిల్లలతో పాతికమంది ఆడవాళ్ళు దిగారు. ఒక్కొక్కరి వెంట ఒక్కో మనిషి. తమ్ముడో, మేనత్తో, పక్కింటి ముసలమ్మో. టెక్లా చేతులు లుంగీకి తుడుచుకుని, వాళ్ళని బెంచీల మీద కూర్చోబెట్టేలోపే రోవెనా లోపలినుంచి కాగితాలు పట్టుకొచ్చింది. మంచిపిల్ల. సాయం చేద్దామనే వచ్చింది. అక్కడందరూ మాట్లాడే కలగలుపు భాష పిడ్జిన్‌లో, వచ్చీరాకుండా, బళ్ళో హాజరు పిలిచినట్టు, ఒక్కొక్క ఆడమనిషి పేరూ దాని పక్కన ఇంటిపేరూ గట్టిగా చదవడం మొదలుపెట్టింది.

ఈ తీరంలో పెళ్ళైన ఆడదాని ఇంటిపేరంటే ఆమె మామగారి పేరు. ఆ పేరు కోడలి నోట రాకూడదు. ఎదురుగా ఎవరైనా అరిచి చదివితే అంతకన్నా సిగ్గు లేదు. మొదటి పేరుకి ఒకామె తల దించుకుంది. రెండో పేరుకి ఇద్దరు గోడవైపు తిరిగారు. ఐదో పేరుకి ముగ్గురు తమ పిల్లల్ని ఎత్తుకుని, మెట్లు దిగి, సముద్రంవైపు నడిచిపోయారు.

టెక్లా పరుగెత్తింది. మూణ్ణెల్లకిందట ఊపిరాడక పట్నం ఆసుపత్రిలో ఇరవైరోజులు పడుకుని వచ్చిన మనిషి ఆ ఇసుకలో పరుగెత్తింది. ఒకామె చెయ్యి పట్టుకుంది, రెండోదాన్ని తిట్టింది, మూడోదాన్ని బతిమాలింది. ముగ్గుర్నీ వెనక్కి తెచ్చాక పిట్టగోడ పట్టుకుని చాలాసేపు నిలబడింది. రోవెనా మంచినీళ్ళ గ్లాసుతో పక్కనే నిలబడి ఉంది.

"నేనేం తప్పు చేశాను టెక్లా?"

"చదివావు."

ఊపిరి అందాక టెక్లా అంతా చెప్పింది. మొదటి విడతలో రిజిస్టరు తనే రాసింది. ఎవరు ఎవరి కోడలో తెలుసు కాబట్టి ఎవర్నీ అడగలేదు. రెండో విడతకి తను ఆసుపత్రిలో ఉంది. పట్నం నుంచి ఇద్దరు నర్సులు ట్యాబు పట్టుకుని వచ్చారు. ఆ ట్యాబు ఇంటిపేరు చెప్పందే ముందుకి కదలదు. పుట్టింటివాళ్ళని వెంటబెట్టుకు వచ్చినవాళ్ళకి పక్కవాళ్ళు చెప్పారు. ఒంటరిగా వచ్చినవాళ్ళు ఏంచేస్తారు, నోటికొచ్చింది చెప్పారు. ఒకామె తెల్లపడవ అంది. ఒకామె చర్చిలో పాదిరిగారి పేరే చెప్పేసింది. అలా అరవై ఒక్కమంది తప్పిపోయారు, మరో అరవై ఒక్కమంది కొత్తగా ఊడిపడ్డారు. తప్పిపోయినవాళ్ళ జాబితా ఒక కాగితం మీద, కొత్తవాళ్ళ జాబితా ఇంకో కాగితం మీద ఉన్నాయి కాబట్టి ఇంత చదువుకున్నవాళ్ళలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

వాగి నుదురు కొట్టుకున్నాడు. వాళ్ళ ఊరు రాజధాని పక్కనే. అక్కడ ఈ పట్టింపు లేదు. రోవెనా మొహం కందిపోయింది.

"ఇన్నాళ్ళూ మాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదుగా. అడిగింది ఆ పెట్టె. దానికి చెప్తే మాత్రం వింటుందా?"

రోవెనా చేతిలో కాగితాలు బోర్లించి బల్ల మీద పెట్టింది. తర్వాత ఆమె పెట్టిన షరతు న్యాయంగానే ఉంది. మొదటి విడత కార్డు మీద బొటనవేలి ముద్ర కలవాలి. బిడ్డ పుట్టిన తేదీ కలవాలి. కార్డు చూడని మనిషి ఎవరైనా ఆ మామగారి పేరు చెప్పాలి. మూడూ కలిస్తే మనిషి దొరికినట్టే.

"అందుకేగా నోళ్ళు తెచ్చుకోమన్నాను," అంది టెక్లా.

ఇక చూడండి ఆ వరండా. కోడలు ఒక బెంచీ మీద, ఆమె తెచ్చుకున్న నోరు బల్ల దగ్గర. నోరు వంగి రోవెనా చెవిలో పేరు చెప్పడం, కోడలు అటు తిరిగి బిడ్డని ఆడించడం, టెక్లా సిరాబిళ్ళ మీద బొటనవేలు అద్దించి, భూతద్దంలో ముద్రలు పోల్చడం. వందల వేల స్లైడ్లలో ఆవగింజలో వెయ్యోవంతు లేని మలేరియా పురుగుని పట్టిన కన్ను అది, వేలిముద్ర ఒక లెక్కా. ఒకామె తెచ్చుకున్న మేనత్తకి చెముడు. చెవిలో చెప్పమంటే రేవుదాకా వినబడేలా అరిచింది. వరండాలో ఉన్న ఆ ఇంటి కోడళ్ళు నలుగురూ చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నారు. తర్వాత కడుపుబ్బా నవ్వారు. ఇంకొకామెకి పక్కింటావిడతో రెండేళ్ళుగా మాటల్లేవు. ఊళ్ళో ఆ పేరు పలకగలిగింది ఆవిడొక్కతే, గతిలేక ఆవిడనే తెచ్చుకుంది.

"రెండేళ్ళుగా నన్ను తిట్టిన నోరే, చివరికి పనికొచ్చింది," అంది ఈమె.

"తిట్టడానికి మళ్ళీ రేపట్నుంచి," అంది ఆవిడ.

ఈలోగా రెండో లారీ మిగతా ఊళ్ళవాళ్ళని దించింది. పన్నెండుకి నలభైమంది తేలారు. ఎవరో ఉడికించిన చిలగడదుంపలు, వేడి ఇసుకలో అడవికోడి పెట్టిన గుడ్లు తెచ్చారు. టెక్లా నిలబడే తింది. రెండున్నరకి అరవై అయ్యాయి. రోవెనా పెన్ను కింద పెట్టి, రెండు చేతులతో మొహం రుద్దుకుంది. "చాలు. గట్టెక్కేశాం. ఒకరు పోయినా ఇంక లెక్కకి వచ్చిన నష్టం లేదు."

"నాకుంది," అంది టెక్లా. "ఆ ఒకరు ఎక్కడికీ పోలేదు. అదుగో, స్తంభం దగ్గర కూర్చుని బిడ్డకి పాలిస్తోంది. మనిషిని ఎదురుగా పెట్టుకుని ఆచూకీ లేదని ఎలా రాస్తావు?"

స్తంభం దగ్గరున్నది రుఫీనా. టెక్లా ఒక్కగానొక్క కొడుకు భార్య. పేరు చెప్పాల్సిన ఆమె అన్న వస్తున్న లారీ ఏట్లో కూరుకుపోయిందని కబురొచ్చింది. ఆమె మామగారంటే టెక్లా పోయిన మొగుడు. విధవ నోట ఆ పేరు రాదు. మిగిలిన ఆడవాళ్ళలో ఆ మనిషికి ఏదో ఒక వరస కానివాళ్ళు లేరు. నోళ్ళన్నీ రెండో లారీలో ఇంటిదారి పట్టాయి. దూరంగా పడవ బూర మోగుతోంది.

రోవెనా వాగివైపు చూసింది. వాగి తల అడ్డంగా ఊపాడు. "పలికేవాణ్ణే. కానీ ఆరేళ్ళుగా ఈవిడని అక్కా అంటున్నాను. బావ పేరు ఏ మొహం పెట్టుకుని పలకను?"

"అయితే నేను కార్డు చదివి..." అంటూనే రోవెనా ఆగిపోయింది. పొద్దున్న ఇసుకలో దిగిపోయిన ఆ ముగ్గురూ గుర్తొచ్చినట్టున్నారు. కార్డుని గుండెలకి ఆనించి పట్టుకుంది.

అంతలో పడవ నడిపే కంబా తిట్టుకుంటూ మెట్లెక్కాడు. సెపిక్ నది వైపునుంచి ముప్పై ఏళ్ళకిందట వచ్చిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. అందుచేత ఈ తీరంలో ఎవరి పేరైనా తడుముకోకుండా పలకగలిగే మగాడు వాడొక్కడే.

"పోటు తీసేస్తోంది. మీరు వచ్చేది ఉందా, లేదా? రాత్రికి నన్ను కూడా ఇక్కడే పెళ్ళి చేసుకుని ఉండమంటారా?"

"ఇంకో పది నిమిషాలు పెళ్ళి చేసుకోకుండా ఉండు కంబా," అంది టెక్లా. "ఇలా రా. రుఫీనా మామతో నువ్వు చేపలకి వెళ్ళేవాడివి కదూ?"

"పదకొండేళ్ళు. వలలు సరిగ్గా మడిచేవాడు కాదు."

"పేరు ఈవిడకి చెప్పు."

కంబా నోరు తెరిచాడు. రోవెనా చప్పున చెయ్యి ఎత్తి ఆపింది. వాడి మోచెయ్యి పట్టుకుని మెట్లు దిగి, వరండాకి వినబడనంత దూరం, కొబ్బరిచెట్లు దాటి తీసుకెళ్ళింది. వాడు వంగి ఆమె చెవిలో చెప్పాడు. ఆమె కార్డు చూసుకుంది. అక్కణ్ణుంచే చెయ్యి పైకెత్తి ఊపింది.

అరవై ఒకటి.

టెక్లా బల్ల మీద రెండు అరచేతులూ ఆనించి కూర్చుంది. నవ్వుతోంది, కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయి, వాటిని దాచుకోలేదు. వరండాలో ఉన్న ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. వాగి గొంతు కలిపాడు. అతనికి పాట రాదు, అయినా కలిపాడు.

పడవెక్కేముందు రోవెనా చిన్న పుస్తకం తీసింది. "టెక్లా, పరీక్ష ఫలితాలు అచ్చువేసేటప్పుడు పనిచేసినవాళ్ళ పేర్లు పైన వేస్తాం. నీ పేరు ఉండాలి. నాదీ డాక్టర్ వాగిదీ అదే మాట. పూర్తి పేరు చెప్పు." అని, తడబడి, "అంటే, ఎవర్నైనా పిలవనా?" అంది.

"అక్కర్లేదు. మా నాన్న పేరు రాసుకో. అది నేను నోరారా చెప్పగలను. టెక్లా కవేవు." జీతం కాగితాల మీద ముప్పై ఒక్కేళ్ళుగా ఒట్టి టెక్లా అనే సంతకం పెట్టిన మనిషి, ఆ రెండు మాటలూ రేవంతా వినబడేలా చెప్పింది. పడవ మలుపు తిరిగేదాకా నిలబడి, వరండాకి వచ్చి, ఆరిన స్లైడ్లు పెట్టెలో సర్దింది.

ఆ తర్వాతి వానాకాలంలో ఒక మధ్యాహ్నం టెక్లా వరండాలో బల్ల మీద తల వాల్చి పడుకుంది. రుఫీనా టీ తెచ్చి లేపితే లేవలేదు. ఏడు ఊళ్ళూ వచ్చాయి.

ఫలితాలు ఆమె పోయిన ఐదు నెలలకి వచ్చాయి. మాత్ర పనిచేసింది. మూడు దేశాలకన్నా ఈ తీరంలోనే కాస్త ఎక్కువ పనిచేసింది. ఇప్పుడు ఆరోగ్య కేంద్రానికి నెలనెలా పెట్టెల్లో వస్తోంది. నాలుగు దేశాల్లోనూ ట్యాబులోంచి ఇంటిపేరు ప్రశ్న తీసేసి, మీ పేరు చెప్పడానికి ఎవరిని తెచ్చుకున్నారు అని పెట్టారు. ఆఫ్రికాలో ఒకచోట ఆ ప్రశ్నకి ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారని వాగి ఉత్తరం రాశాడు. ఉత్తరంతోపాటు అచ్చు కాగితం కూడా పంపాడు.

రుఫీనా దాన్ని ఇంట్లో గోడకి అంటించింది. వచ్చినవాళ్ళందరూ చూస్తారు, ఇందులో మీ అత్తగారి పేరేది అని అడుగుతారు. అత్తగారి పేరు కోడలు పలకదు. ఏమీ అనకుండా వేలు పెట్టి చూపిస్తుంది. కాగితం మీద పంతొమ్మిది పేర్లున్నాయి. పద్దెనిమిది అచ్చులో వచ్చినవి వచ్చినట్టే నల్లగా ఉన్నాయి. ఏడో పేరు ఒక్కటే కొబ్బరినూనె వేలు తగిలీ తగిలీ మసకబారి, గోడ కనబడేంత పలచబడింది.