మూడోసారి పిలిచేలోపు

"మార్నీ, నా నల్ల సాక్సులు ఎండాయా?"

పోటీ జరిగిన మర్నాడు పొద్దున్నే మొగుడు డ్వేన్ నోట వచ్చిన మొదటి మాట అది. ఎండాయని చెప్పింది మార్నీ. వాటిని తీయడానికి బట్టలారబెట్టే యంత్రం ముందు వంగితే రెండు తొడలూ భగ్గుమన్నాయి. పైకి లేవడానికి గోడ పట్టుకోవాల్సొచ్చింది. అతను చూడలేదు. అతని తొడలే అతనికి పెద్ద వార్త ఆ రోజు.

కెనడాలోని ఆ పెంటిక్టన్‌లో పీచ్ పళ్ళూ, ఈ పోటీ కూడా ఒకే నెలలో పండుతాయి. సరస్సులో ఈత, కొండల్లో నూట ఎనభై కిలోమీటర్ల సైకిలు, దాని మీద నలభై రెండు కిలోమీటర్ల పరుగు, అన్నీ ఒక్క రోజులో. చేసేవాళ్ళకి మతి ఉండదని ఊళ్ళో అనుకుంటారు, అనుకుంటూనే వీధికి వీధంతా చేస్తుంది. అందరి కళ్ళూ కోనా మీదే. ఏటా అక్టోబరులో హవాయి దీవిలోని ఆ కోనా ఊళ్ళో ప్రపంచ పోటీ. సరదా పుడితే టిక్కెట్టు కొనుక్కుని దిగే చోటు కాదది. ఇలాంటి పోటీలో తన ఈడువాళ్ళలో ముందుండాలి. ఒక్కో ఈడుకి రెండో మూడో చోట్లు. మర్నాడు సభలో పేరు పిలుస్తారు. వస్తానంటే మెడలో పూలదండ పడుతుంది. వద్దన్నా, మూడుసార్లు పిలిచేలోపు పలక్కపోయినా, ఆ చోటు కిందివాడికి జారుతుంది. డ్వేన్ పెట్టుకున్న ఆశంతా ఆ జారుడు మీదే. పైవాళ్ళకి జలుబు చేసిందా, కూతురి పెళ్ళి అడ్డొచ్చిందా, విహారానికి ఓడెక్కి పోయారా అని ప్రతి ఏడూ ముందు వరసలో కూర్చుని ఎదురుచూస్తాడు.

ఆ కోరిక అతనిది, దాని కింది పని ఆమెది. డ్వేన్ సైకిలు ఎంత తేలికంటే, గాలివాన రోజున దాన్ని కంచెకి కట్టకపోతే పక్క రాష్ట్రంలో వెతుక్కోవాలి. అది ఇంటికొచ్చాక బరువైంది మాత్రం ఇంటి ఖర్చే. అతను ఈతకి వేసుకునే రబ్బరు తొడుగు ఉతికిన నీళ్ళు పోస్తే పెరట్లో ఉడతలు ఊరు విడిచిపోయాయి. ఆ తొడుగు ఉతికేది మార్నీ. దంతవైద్యుడి దగ్గర రోజంతా ఫోన్లెత్తి, ఇంటికొచ్చి అతనికి కొలిచి వండేది కూడా మార్నీయే. డ్వేన్‌కి లోతు నీళ్ళంటే భయం. ఆ సంగతి అతనికీ ఆమెకీ తప్ప ఎవరికీ తెలియదు. "నువ్వు పక్కన ఉంటే చాలు, ఊరికే ఉండు" అన్నాడు ఒక వేసవిలో. ఊరికే ఉండటమంటే అతని వేగంతో ఈదడం. ఆ తర్వాత సైకిలు మీద నీళ్ళు చాలక, "ఎలాగూ ఖాళీయేగా, సీసాలు పట్టుకుని వెనకాల రా" అన్నాడు. ఆమె పాత ఇనుప సైకిలుకి ముందు బుట్ట ఉంది. బుట్ట నిండా సీసాలు, వీపున అతని వానకోటు, అరటిపళ్ళు, చక్రం మార్చే సామాను. ఆ మోతతోనే కొండలెక్కింది. పరుగులోనూ అంతే. దార్లో ఎవరైనా పలకరిస్తే, "మా ఆవిడ. కాలక్షేపానికి వస్తుంది" అని చెప్పేవాడు డ్వేన్. అత్తగారు విల్మా క్లాసెన్ అయితే, "నా కొడుకంత కష్టం ఏ మగాడు పడతాడమ్మాయ్? నీకేం, వెనకాల పోవడమేగా" అనేది. అవునని మార్నీ అనలేదు, కాదనీ అనలేదు. ఆ ఇంట్లో ఆమె ఊరుకుంటే ఒప్పుకున్నట్టే. మౌనం అర్ధాంగీకారమంటారు గానీ, క్లాసెన్‌ల ఇంట్లో దాన్ని ఎప్పుడూ నిండు అంగీకారం కిందే జమ వేసుకున్నారు. సెలవులకి సముద్రానికి వెళ్ళలేదు, కొండకే వెళ్ళారు. ఆమె ఊరుకుంది. ఆమె పుట్టినరోజున అతనికి సుదీర్ఘ సాధన పడింది. అప్పుడూ ఊరుకుంది.

ఈ ఏడు పోటీలో ఆమె పేరు కూడా రాయించింది అతనే. గుంపులో ఈదేటప్పుడు గుండె ఆగినంత పనవుతోందట. "నీళ్ళు దాటించు. తర్వాత నీ ఇష్టం, మానేసి ఇంటికి పో" అన్నాడు. దాటించింది. ఒడ్డెక్కగానే అతను వెనక్కి చూడకుండా సైకిలెక్కాడు. ఆమె కూడా ఎక్కింది. బుట్టలేని సైకిలు, పక్కింటి వాళ్ళనడిగి తెచ్చుకున్నది. వీపు మీద ఏమీ లేదు. మొదటి కొండ దగ్గర ఏదో మరిచిపోయి బయల్దేరానేమోనని రెండుసార్లు భుజం తడుముకుంది. రెండో కొండ మీద డ్వేన్‌ని దాటింది. అతను గుర్తుపట్టలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె వీపు అతనెన్నడూ చూసినవాడు కాడు.

అతను ఆఖరి గీత దాటేసరికి ఆమె స్వెటరు వేసుకుని, తువ్వాలు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. పతకం స్వెటరు కింద ఉంది.

"మధ్యలో మానేశావా? పోనీలే. సూప్ తెచ్చావా?"

తెచ్చింది.

అతను సూప్ తాగుతుంటే, "మానేసి మంచిపని చేశావమ్మాయ్, ఈ వయసులో నీకెందుకు" అంది విల్మా. మార్నీ అప్పుడూ ఊరుకుంది. చెప్పడానికి నోరు తెరిచింది కూడా. ఈలోపు అతను ఇంకో గిన్నె అడిగాడు.

మర్నాటి సభ ఊరి హాల్లో. మార్నీ తిండీ నీళ్ళూ చల్లగా ఉంచే చల్లపెట్టె మోసుకుని వచ్చింది. అందులో గుడ్డు శాండ్‌విచ్‌లు, విల్మాకి ఇష్టమైన తీపి, బటర్ టార్టులు. గోడకంటించిన ఫలితాల ముందు మగవాళ్ళు మూగి ఉన్నారు. ఆడవాళ్ళ కాగితం దగ్గర ఎవరూ లేరు. యాభై దాటిన ఆడవాళ్ళలో ఆమె పేరు నాలుగోది. చోట్లు రెండు. అటుగా వచ్చినావిడ ఎవరో, "రెండో ఆవిడకి అరిజోనా పోటీలోనే కోనాకి చోటొచ్చిందట, ఇక్కడిది వద్దంటుందిలే" అని చెప్పి పోయింది. మార్నీ వచ్చి కూర్చుంది. కోనా పోవాలని తనకుందా అని తనని తానే అడిగింది. ఉందని జవాబు ఎంత తొందరగా వచ్చిందంటే ఆమె కాస్త జడిసింది.

మగవాళ్ళని ముందు పిలిచారు. డ్వేన్ ఈడులో ఒక చోటు జారింది, ఇంకొకటి జారింది. అతని పైనున్న బట్టతల మనిషి దగ్గర ఆగింది. "వస్తాను!" అని అరిచాడు ఆ బట్టతల. డ్వేన్ కాసేపు ఆ బట్టతలనే చూశాడు.

"పద, పోదాం. తినాలని కూడా లేదు నాకు" అని లేచాడు. కారు తాళంచెవి చేతిలో ఆడించాడు. "పెట్టె తీసుకో."

మార్నీ పెట్టె ఎత్తింది. మైకులో యాభై దాటిన ఆడవాళ్ళ వంతు వచ్చింది. మొదట వచ్చిన కాల్గరీ ఆవిడ దండ వేయించుకుంది. రెండో ఆవిడ వద్దని చెయ్యి ఊపింది. మూడో ఆవిడ పేరు పిలిచారు. పలకలేదు. మళ్ళీ పిలిచారు. వెనకనుంచి ఎవరో, "పొద్దున్నే బస్సెక్కింది!" అని కేకేశారు. హాలంతా నవ్వింది. మూడోసారీ పిలిచి కాగితం తిప్పారు.

"మార్నీ క్లాసెన్, పెంటిక్టన్."

డ్వేన్ తలుపు దగ్గర ఆగిపోయాడు. "ఏంటిది? నువ్వు మానేశావుగా?"

"నేను మానేశానని నువ్వన్నావు."

"మరి నువ్వు కాదనలేదే!"

"మార్నీ క్లాసెన్," రెండోసారి.

డ్వేన్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "చూడు, వచ్చే ఏడు ఇద్దరం కలిసి వెళ్దాం. నేను లేకుండా నువ్వొక్కదానివి అక్కడేం చేస్తావు? నువ్వేం అననక్కర్లేదు. ఊరికే ఉండు, అదే జారిపోతుంది."

"అక్టోబరులో నా మందులెవరిస్తారమ్మాయ్?" అంది విల్మా.

ఊరికే ఉండు. ఆమెకి బాగా అలవాటైన పనే అది. ఇన్నేళ్ళూ ఊరికే ఉంటే ఔనన్నట్టు రాసుకున్న మనుషులు ఇంట్లో ఉన్నారు. ఇక్కడ, ఈ హాల్లో మాత్రం, ఊరికే ఉంటే కాదన్నట్టు. లోకంలో ఇలాంటి చోటు ఒకటుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. మైకు పట్టుకున్న మనిషి మూడోసారికి ఊపిరి పీల్చాడు. ఐదో ఆవిడ, ఎవరో ఎర్ర టోపీ మనిషి, అప్పుడే సగం లేచి నిలబడింది.

"ఉన్నాను," అంది మార్నీ. మాట వేదిక దాకా పోలేదు. మళ్ళీ గట్టిగా అంది. "ఇక్కడే ఉన్నాను. వస్తున్నాను."

ఎర్ర టోపీ ఆవిడ కూర్చుంది, కూర్చుని అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది. దండకి మెడ వంచాలంటే చేతులు ఖాళీగా ఉండాలి. మార్నీ చల్లపెట్టె డ్వేన్ చేతుల్లో పెట్టి, కుంటుకుంటూ వేదిక మీదికి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి అతను పెట్టె పట్టుకుని అక్కడే ఉన్నాడు. మోసే మనిషి కనబడగానే అలవాటు కొద్దీ దాన్ని ముందుకు చాచాడు.

మార్నీ అతని వేళ్ళ సందునుంచి తాళంచెవి తీసుకుంది.

"అది నీ దగ్గరే ఉండనీ డ్వేన్," అంది. "కోనాలో ఎండ ఎక్కువట, నాకు చల్లటి నీళ్ళు మోయాలి. ఇప్పట్నుంచే అలవాటు చేసుకో."