ముత్తెన్న వంతు

హాలు ఎక్కడ మొదలైందో రాజలింగానికి తెలియదు. ఎంత నడిచినా కుర్చీలే, తెల్ల కుర్చీలు, మనుషులు మాత్రం వాటిలో కూర్చోకుండా పక్కన నిలబడి ఉన్నారు, ఎందుకంటే పేరు పిలిచాకే కూర్చోవాలని ఎవరో మైకులో చెబుతున్నారు, ఆ చెప్పేది అరబ్బీలోనే అయినా తేటతెల్లంగా అర్థమవుతోంది. ఇరవై రెండేళ్లుగా బుర్రకెక్కని భాష ఇవాళ ఎట్లా ఎక్కిందో అని ఆశ్చర్యపడేలోపే, పిలుస్తున్న పేర్లన్నీ ఈ దేశం వాళ్లవేనని కూడా అర్థమై, నోరు చేదెక్కుతుంది.

"ముందుగాల షేకులు, ఆటెంక షేకుల ముసలోళ్లు, ఆటెంక వాళ్ల డ్రైవర్లు, వంటోళ్లు" అంటోంది వరుసలో ఒక గొంతు.

"ఒంటెలకు గూడ అయినంక మనకు" అంటోంది ఇంకో గొంతు, అందరూ నవ్వుతున్నారు.

"మనకు సూదిల పెట్టి పొడిచేది ఉప్పునీళ్లేనట పో."

"ముందుగాల షేకులకే పొడవనీ. వాళ్లు బతికితే మనం పొడిపిచ్చుకుందాం."

వాళ్లను తోసుకుంటూ పోతే వరుస చివర ముత్తెన్న కనబడతాడు. పోయి మూడు నెలలైన ముత్తెన్న, ఊరికి చేరకుండా ఈ ఇసుకలోనే ఒక రేకు పలక కింద పడుకున్న ముత్తెన్న, కంపెనీ నీలం చొక్కా తొడుక్కుని, పాయింటు మోకాళ్ల దాకా మడిచి, నీళ్లలో నిలబడి ఆస్పత్రి దుప్పటి ఉతుకుతున్నాడు. హాల్లో నీళ్లేమిటని రాజలింగానికి తోచదు. అది మెట్‌పల్లి అవతల కాలువ ఒడ్డున ముత్తెన్న వాళ్ల చాకిరేవు, అంతే కాదు, ఇద్దరూ పన్నెండేళ్లు పక్కపక్కన నిలబడి మూడు ఆస్పత్రుల దుప్పట్లు ఉతికిన లాండ్రీ కూడా అదే, రోగం వచ్చిన ఏడాది ఆ దుప్పట్లు మూటల కొద్దీ వచ్చి పడ్డ చోటు. ఆస్పత్రిలో పనిచేసేవాళ్లకు ముందే సూదులు వేశారు. ఆస్పత్రి మైల ఉతికేవాళ్లు ఆ మనుషుల్లోకి రాలేదు.

"ఏం లింగం, అట్ల నిలవడ్డవ్? కూసో."

"పేరు పిలిస్తేనే కూసోవాల్నట అన్నా."

"ఇన్నేండ్లాయె, ఇంక గసొంటియి ఇంటున్నవా?" అని ముత్తెన్న దుప్పటి పిండి భుజాన వేసుకుంటాడు. "మా తాత నడుసుకుంట పోయి ఉతికిండు, నేను ఇమానమెక్కి అచ్చి ఉతుకుతున్న. ఏం ఫరక్ వడ్డది?" బతికి ఉండగా వారానికోసారి అన్న మాటే, అదే నవ్వు. "అవ్‌గని, నా చెప్పులు ఎవలేసుకుంటున్నరు?"

"ఓబులేసని కడపాయన. నీ మంచం ఆయనకే ఇచ్చిన్రు."

"ఎడమ చెప్పుల మేకు పైకి తేలింది, కాలుకు గుచ్చుకుంటది. చెప్పినవా?"

"చెప్పలే."

"నువ్వేదీ చెప్పవు గదరా" అంటాడు ముత్తెన్న, మామూలుగానే, ఎగతాళిగానే. ఆ మాట రాజలింగం గుండెలో మాత్రం మేకై దిగుతుంది.

చెప్పనిది ఒకటుంది. సూది కోసం పేరు రాయించుకోవడానికి ఇంటర్నెట్టు ఫోను కావాలన్నారు, ముత్తెన్నది బటన్ల ఫోను, పైగా వేలిముద్ర మనిషి. ఆరో తరగతి దాకా చదివిన రాజలింగమే ఒకే పూట, ఒకే మంచం మీద కూర్చుని ఇద్దరి ఫారాలూ నింపి, ఇద్దరికీ తన ఫోను నంబరే ఇచ్చాడు. నెలన్నర గడిచాక ఒక మంగళవారం లాండ్రీ వెనక మెట్ల మీద చాయ తాగుతుంటే మెసేజ్ వచ్చింది. మూడుసార్లు చదివాడు. ముత్తెన్న పేరుంది, తారీఖుంది, టైముంది. తన పేరు లేదు. ముత్తెన్నకు యాభై నాలుగేళ్లు, షుగరుంది, అందుకే ముందు పిలిచారని ఎవరైనా చెప్పగలరు, రాజలింగానికీ ఆ సంగతి తెలుసు, తెలిసినా ఓర్వలేకపోయాడు. రాసినోడు ఎండలో ఉన్నాడు, రాయించుకున్నోడికి నీడ దొరికింది. "ఏం మెసేజ్ లింగం?" అని ముత్తెన్న అడిగితే, "ఏం లేదన్నా, రీఛార్జిది" అనేశాడు. రెండు రోజుల్లో నాదీ వస్తుంది, అప్పుడు చెబుతాను, ఇద్దరం కలిసే పోతాం అనుకున్నాడు. రాలేదు. చెప్పలేదు. తారీఖు దాటిపోయింది. దాటిన పదో రోజున ముత్తెన్నకు జ్వరం తగిలింది.

ఆ తరవాత లేబర్ క్యాంపులో ఎవరు ఈ దేశాన్ని తిట్టినా, రాజలింగం గొంతే అందరికన్నా పైన లేచేది. మనం మనుషులం కామా, మన ప్రాణం ప్రాణం కాదా అని అరిచేవాడు, ఆ అరుపులో అబద్ధమేమీ లేదు, కాని ఆ అరుపు కిందనే ఆ మెసేజ్ దాక్కుని ఉండేది.

"ఇంటికి ఏం చెప్పినవ్?" అంటున్నాడు ముత్తెన్న. కాలువ నీళ్లు ఇప్పుడు ఆకుపచ్చగా, ఆస్పత్రి పరదాల రంగులో ఉన్నాయి.

"జరమని చెప్పిన. లసుంబాయి వదినె అడుగుతనే ఉంటది, మీ అన్నకు సూది అందలేదా లింగం అని. నంబరు రాలేదని చెప్పిన."

"అవ్, రాలేదు గద" అంటాడు ముత్తెన్న.

అప్పుడిక ఆపుకోలేక రాజలింగం చెప్పేస్తాడు, మెట్లు, చాయ, మంగళవారం, రీఛార్జి, అన్నీ ఒకదాని మీద ఒకటి పడుతుంటే చెప్పేస్తాడు. చెప్పడం అయిపోగానే ఒక మాట వినబడుతుంది: "పోనీలేరా, నువ్వు చెప్పినా నేను పోకపోతుంటి." ప్రాణం తేలికవుతుంది. మరుక్షణం చూస్తే ముత్తెన్న పెదాలు కదలనే లేదు. ఆ గొంతు రాజలింగానిదే. మూడు నెలలుగా పడుకునేముందు తనకు తాను చెప్పుకుంటున్న మాటే అది.

"ఏందిరా? నీళ్ల సప్పుడుకు ఇనవడలే" అంటాడు ముత్తెన్న చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని. "మళ్ల చెప్పు."

మళ్లీ చెప్పడం మొదటిసారి కంటే కష్టం. "నీ వంతు అచ్చిందన్నా. నా ఫోన్లకు అచ్చింది. నీకు చెప్పలే."

ముత్తెన్న దుప్పటి భుజం మీంచి దించి ఇటు తిరుగుతాడు. కొడతాడేమో, ఉమ్మేస్తాడేమో, అదే మంచిదని రాజలింగం కాసుకుని ఉంటాడు. కాని ఆ ముఖం మెల్లగా విచ్చుకుంటుంది, జాతరలో తప్పిపోయిన పిల్ల దొరికితే తల్లి ముఖం విచ్చుకున్నట్టు.

"నా పేరే అచ్చిందా?"

"నీ పేరే."

"పేరంటే... పేరా? నంబరు గాదా?"

"పేరే అన్నా. ఇంగ్లీషుల, అరబ్బీల, రెండిట్ల. ఇంటి పేరుతోని."

"ఇంటి పేరుతోని!" ముత్తెన్న నీళ్లు ఎగజిమ్ముతూ నవ్వుతాడు. "పందొమ్మిదేండ్లల్ల ఒక్కడు పిలువలేరా ఇంటి పేరుతోని. ఫోర్‌మన్‌కు నేను పదిహేడు నంబరు. సూడు మరి, నువ్వు తిడుతుంటివి, మనల పట్టించుకోరని. పట్టించుకున్నరు గదరా!"

ఈ సంతోషాన్ని రాజలింగం భరించలేడు. తిట్టు, అన్నా తిట్టు అనబోతాడు. మెడ చుట్టూ తడి దుప్పటి బిగిసి ఉంది, ముత్తెన్న వెనక్కి వచ్చి నిలబడ్డాడు, చేతిలో కత్తెర, ఇప్పుడిది క్యాంపులో వాళ్ల గది, కటింగు షాపులన్నీ మూసేసిన రోజులు.

"ఏనాడు రమ్మన్నరు నన్ను?" కత్తెర చెవి పక్కన కిచకిచలాడుతోంది.

"శుక్రారం."

"శుక్రారమా? శుక్రారం నాకు డ్యూటీనే ఉండది. ఎన్ని గంటలకు?"

"పొద్దున పది నలభైకి."

కత్తెర ఆగిపోతుంది. నీళ్ల చప్పుడూ, మైకులో పేర్లూ, వరుసలో నవ్వులూ అన్నీ ఆగిపోతాయి.

"ఆ శుక్రారం" అంటాడు ముత్తెన్న నింపాదిగా, వెతుక్కుంటున్నట్టు, "ఆ యాల్లకు నేను నీకు కటింగ్ చేసిన గదరా. నువ్వు గడెగడెకు ఫోన్ సూసుకుంటున్నవ్. కదలకు, చెవి తెగుతదని నేను తిట్టిన."

ఆ రోజు రాజలింగం తన పేరు వస్తుందేమోనని చూస్తూనే కూర్చున్నాడు, టైము పది నలభై అయింది, పది నలభై ఒకటైంది, వెనక ముత్తెన్న ఏదో పాత పాట కూనిరాగం తీస్తూ మెడ మీద వెంట్రుకలు ఊదుతున్నాడు.

"లసుంకు మాత్రం నంబరు రాలేదని చెప్పకు" అంటాడు ముత్తెన్న. గొంతులో కోపమూ లేదు, క్షమా లేదు, ఇంటికి ఒక సామాను పంపుతూ జాగ్రత్త చెప్పినట్టుంది. "నా మొగన్ని మనిషిగనే ఎంచలేదనుకుంట బతుకుతది అది. పేరు అచ్చిందని చెప్పు. ఎట్ల ఆగిందో అది గూడ చెప్పు. ఇగ తల వంచు, ఎనక మిగిలింది."

వంచుతాడు. మెడ మీద చల్లటి నీళ్లు పడతాయి.

"భాయ్. ఓ భాయ్."

హిందీలో పిలుస్తున్నది కేరళ నర్సు. రాజలింగం నిజమైన హాల్లో, నిజమైన కుర్చీలో, చొక్కా చెయ్యి పైకి మడిచి కూర్చుని ఉన్నాడు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు, ఇవాళ తన వంతు, సూది అయ్యాక పావుగంట కూర్చోమంటే గడ్డం గుండెకు ఆనించి నిద్రపోయాడు. నెత్తిమీద ఏసీ గొట్టం నుంచి చుక్కలు కారి మెడ తడిసి ఉంది.

"తల తిరుగుతోందా?"

"లేదు సిస్టర్."

"అయితే పోవచ్చు. రెండో సూదికి మెసేజ్ ఇదే నంబరుకు వస్తుంది." ఆమె చేతిలోని ట్యాబ్ మీద వేలు జరుపుతూ ఆగుతుంది. "ఈ నంబరు మీద ఇంకో పేరు కూడా ఉందే." ఇంటి పేరు దగ్గర తడబడి, కూడబలుక్కుని, పూర్తిగా చదువుతుంది. "ముత్తెన్న. ఈయనను పిలిచాం, రాలేదు. మెసేజ్ మీకే వచ్చి ఉంటుంది కదా, ఆయనకు చెప్పలేదా?"

రాజలింగం తల ఎత్తడు.

"నై బోలా" అంటాడు. హిందీలో అంటే సరిపోలేదు, అందుకని ఆమెకు అర్థం కాదని తెలిసీ తెలుగులో మళ్లీ అంటాడు. "నేనే చెప్పలేదమ్మా."