సలోమి తెర మీద పసుపు గీత

నేను ఒక గీతను. కాగితం మీద కాదు, సలోమి కంప్యూటర్ తెర మీద పుట్టాను. ఆమె విశాఖపట్నంలో ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాసేది. కోడ్ రాసే ఎడిటర్‌లో ఏదైనా మాట మీద మౌస్ బాణం ఆగితే చాలు, దాని వివరమో, అందులోని తప్పో చెప్పే చిన్న కిటికీ ఒకటి పైకి తేలుతుంది. ఆ కిటికీ అంచును నేను.

మొదట్లో ఆ కిటికీకి అంచు లేదు. దాని రంగూ, వెనక ఉన్న కోడ్ రంగూ ఒకటే నలుపు. ఒకరోజు సలోమి కిటికీలోని మాటల్నీ, పక్కనున్న కోడ్‌నీ కలిపి చదివేసి, సరిగ్గా ఉన్న వరసను చెరిపేసింది. అది బ్లడ్ బ్యాంకు కోసం రాస్తున్న ప్రోగ్రాము. పరీక్షించేటప్పుడు పక్క సీట్లో ఉండే రమీజా పట్టుకుంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఒక గ్రూపు రక్తం ఇంకో గ్రూపు పేరుతో కనిపించేది. ఆ మధ్యాహ్నం సలోమి అన్నం డబ్బా మూత తియ్యలేదు. సెట్టింగుల ఫైలు తెరిచి ఒక వరస రాసింది. అలా సన్నటి బూడిదరంగు గీతగా పుట్టాను.

అంచులు దిద్దుకోవడం ఆ ఆఫీసులో అందరికీ సరదానే. ఒకరు మూలలు గుండ్రంగా తిప్పుకునేవారు, ఇంకొకరు నీడ పెట్టుకునేవారు. ఇంటి గోడలకు సున్నం వెయ్యమంటే ఏడాది వాయిదా వేసే మనుషులు, అరచేతంత కిటికీకి వారానికో రంగు మార్చేవారు. అందుకే సలోమి నన్ను మారుస్తుంటే ఎవరికీ వింతనిపించలేదు. రెండు నెలలకు జంట గీతనయ్యాను. వానలు మొదలయ్యేసరికి లావుగా, పసుపుగా తయారయ్యాను.

"ఏంటే ఆ గీత, లారీ నంబరు ప్లేటులాగా?" అంది రమీజా.

"బాగుంటుందని పెట్టాను," అంది సలోమి.

అందం కోసం కాదని నాకు తెలుసు. భోజనాల వేళ అందరూ లేచి వెళ్లాక ఆమె వాళ్ల అన్నయ్యతో ఫోనులో చెప్పడం విన్నాను. చూపు పక్కల నుంచి మూసుకుంటూ వస్తోందట. మందు లేదని డాక్టరు చెప్పేశాడట. "అమ్మకి చెప్పకు," అంది.

ఒకరోజు కిటికీ తేలింది. సలోమి ఎడమ అంచు దగ్గర వేలు పెట్టి, తెర మీద నన్ను తడుముకుంటూ కుడివైపు చివరిదాకా వెళ్లింది. తల తిప్పితే రమీజా చూస్తోంది.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఈ గీత పెట్టక ముందు నుంచే."

"సార్‌కి చెప్పాలి కదే."

"చెబితే ఉద్యోగంలోంచి తీసేస్తారు."

"ఆ రోజు నేను సెలవులో ఉండుంటే?" అంది రమీజా, మెల్లగానే.

మర్నాడు సలోమి తనే వెళ్లి సార్‌కి చెప్పింది. తీసెయ్యలేదు కానీ, బ్లడ్ బ్యాంకు పని ఆమె చేతి నుంచి తీసి వేరొకరికి ఇచ్చారు. మూడేళ్లుగా ఆమె రాస్తున్న పని అది. ఆ సాయంత్రం ఎడిటర్ మూసే ముందు ఆ ఫైళ్లను ఒక్కొక్కటీ తెరిచి, తెరకు ముఖం ఆనించి చదువుకుంది.

ఏడాది తిరిగేసరికి నేను ఎంత లావైనా ఆమెకు కనిపించలేదు. తెర మీది మాటల్ని చదివి వినిపించే ప్రోగ్రాము పెట్టుకుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంది. అప్పుడే నా వల్ల చిక్కొచ్చింది. నేనూ అక్షరాల్లాంటి గుర్తులతో కట్టినదాన్నే. ఆ గొంతు నన్ను కూడా వదలకుండా చదివేది: "మూల, గీత, గీత, గీత..." అసలు మాట వచ్చేసరికి ఆమె ఓపిక అయిపోయేది.

ఒక ఉదయం సెట్టింగుల ఫైలు తెరిచింది. నా వరస వినబడగానే ఆగింది.

"రమీజా, ఇప్పుడు ఏ రంగులో ఉందే?"

"పసుపే. బంతిపువ్వు పసుపు."

సలోమి తల ఊపింది. కాసేపు మీటల మీద వేళ్లుంచి, నా వరస ముందు రెండు చిన్న గుర్తులు పెట్టింది. అవి ఉన్న వరసను కంప్యూటర్ పట్టించుకోదు. పూర్తిగా చెరిపెయ్యడానికి చెయ్యి రాలేదేమో. అప్పటి నుంచి ఈ ఫైలులోనే పడి ఉన్నాను.

కిటికీ మళ్లీ తేలింది, నేను లేకుండా.

"ఎలా ఉంది?" అడిగింది రమీజా.

"తేటగా వినిపిస్తోంది," అంది సలోమి. అని, తప్పు ఏ వరసలో ఉందో విని, దిద్దడం మొదలుపెట్టింది.