కంచె లోపల కర్పూరం

ఒమాన్‌లో ఇబ్రి పట్నం దాటాక ఉన్న ఆ ఆర్మీ క్యాంపులో సైనికుల కొత్త బ్యారక్‌కు ఆ ఉదయం స్లాబ్ పోయాలి. పక్కనే ట్రక్కుల డీజిల్ ట్యాంకులు.

కొబ్బరికాయ కొట్టనిదే మేస్త్రీ దేవయ్య స్లాబ్ మొదలుపెట్టడు. జగిత్యాలలోనైనా ఒమాన్‌లోనైనా అంతే. అయితే గేటు దగ్గర కూలీల బస్సు ఆపి, జేబులు తడిమి, బీడీలూ అగ్గిపెట్టెలూ తీసేసుకుంటారు. ఇంజనీర్ల కార్లను మాత్రం వదిలేస్తారు. అందుకని సైట్ ఇంజనీరు నాగేంద్రప్రసాద్ కాయ, కర్పూరం, అగ్గిపెట్టె తన కారులో తెచ్చాడు. పోయిన నెల సెంట్రింగ్ కూలిపోయి ఇద్దరు పనివాళ్లకు కాళ్లు విరిగాయి. సెంట్రింగ్ పనికి కాయ కొట్టలేదని ఆయన దిగులు.

"త్వరగా కానివ్వు దేవయ్యా. హారతి కూడా ఇచ్చెయ్," అన్నాడు.

దేవయ్య కాయ కొట్టి, కర్పూరం వెలిగించాడు. కావలి టవర్ మీది సైనికుడు మంట చూసి విజిల్ ఊదాడు. కాంక్రీట్ పంపు ఆపించారు. కెప్టెన్ వచ్చి మంట మీద ఇసుక పోయించాడు.

"ఎవరు వెలిగించారు?" అని హిందీలో అడిగాడు. దేవయ్య చెయ్యెత్తాడు.

"అగ్గిపెట్టె లోపలికెలా వచ్చింది?"

దేవయ్య నోరు తెరిచేలోగా నాగేంద్రప్రసాద్ ఇంగ్లీషులో అందుకున్నాడు. అందులో దేవయ్యకు అర్థమైనవి 'లేబర్', 'నో ఎడ్యుకేషన్'. తర్వాత ఆయన తెలుగులోకి దిగాడు.

"నువ్వే తెచ్చానని చెప్పు. మిగతాది నేను చూసుకుంటాను."

"ఏం జూసుకుంటవ్ సార్? నా గేటు పాస్ గుంజుకుంటే కంపెనీ నన్ను ఇంటికి తోలుతది."

"అరవకయ్యా! పైవాళ్లతో మాట్లాడతానంటున్నానుగా."

దేవయ్య అక్క కొడుకు సంజీవ్ వెనక నుంచి చొక్కా లాగాడు. "మామా, నీ కాళ్లు మొక్కుత. సార్‌తోని పెట్టుకోకు. అందరి డ్యూటీ ఆయన చేతులనే ఉన్నది."

"గేటు కాడ నా జేబులు తిప్పి సూసిండ్రు గదరా! మరి అగ్గిపెట్టె యాడ వెట్టుకొచ్చిన్నట? నోట్లెనా?"

"నోట్లె వెడితే తడుస్తది గదనే," అన్నాడు కడ్డీలు కట్టే భూమేశ్. ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

సెంట్రింగ్ కూలినప్పుడు కూడా ఈ పెద్దమనిషి తప్పంతా లేబర్ మీదే వేశాడు. కాళ్లు విరిగినవాళ్లను ఇంటికి పంపించేశారు. ఆ రోజు దేవయ్య నోరు మూసుకున్నాడు. ఇప్పుడు ఒళ్లు మండిపోయింది. సంజీవ్ చెయ్యి విదిలించుకుని కెప్టెన్ ముందుకు పోయాడు.

"సాబ్, వెలిగించింది నేనే. అగ్గిపెట్టె వచ్చింది ఆ కారులో," అని హిందీలో చెప్పి, వేలు పెట్టి చూపించాడు.

కెప్టెన్ కారు తెరిపించాడు. డ్రైవర్ సీటు పక్కన మిగిలిన కర్పూరం పొట్లం ఉంది. ఆయన కేకలు వెయ్యలేదు. ఇద్దరి పాసులూ తీసుకున్నాడు. "ఇద్దరూ బయటికి."

కారు సోదా కోసం లోపలే ఉండిపోయింది. గేటు బయట నీడ లేదు. నాగేంద్రప్రసాద్ ఎవరెవరికో ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. ఫోన్ జేబులో కుక్కుకుని దేవయ్య మీదికి వచ్చాడు.

"నీ ఉద్యోగం ఎలాగూ పోయేదే. నన్ను రోడ్డున పడేస్తే నీకేం ఒరిగిందయ్యా?"

"తోడు దొరికినవ్," అన్నాడు దేవయ్య. పళ్లు నూరుతూ ఇబ్రి రోడ్డు పట్టాడు.