బందారు కట్టు

పొద్దున్నే మేకలకు కుడితి పెట్టి, చేతులు కడిగిన నీళ్ళను మునెమ్మ పారబోసేది కాదు. దొడ్డి పక్కన మొలిచిన బందారు మొక్కల మొదట్లో పోసేది. బందారు గింజ ఊరికే చల్లితే మొలవదు. వేన్నీళ్ళు పోసి ఒక రాత్రి నాననివ్వాలి. మొక్కను రెండు ఎండాకాలాలు కాపాడితే చాలు, మూడో ఏడు నుంచి అది మనల్ని నీళ్ళడగదు. వీరపునాయునిపల్లె చుట్టూ చేలన్నీ ఎండిపోయినా దాని ఆకు పచ్చగానే ఉంటుంది. మేక దాని జోలికి పోదు. అందుకే దొడ్డి చుట్టూ అదే కంచె.

ఆ ఆకు నూరి, గుడ్డుసొన కలిపి, వెదురు బద్దలు పెట్టి మునెమ్మ విరిగిన ఎముకలకు కట్టు కట్టేది. కట్టు విప్పేటప్పుడు, ఎముక విరిగిన క్షణంలో విన్న మాటను ఆకు తిరిగి చెప్పేది. వంగి వింటేగాని వినపడనంత చిన్న గొంతు. బావి దగ్గర జారిపడ్డానని వచ్చిన గురమ్మ కట్టు, ఆమె మొగుడి బూతులన్నీ వరసగా అప్పజెప్పింది. వేపాకు చేదుగా ఉంటుందన్నట్టే, ఊళ్ళో ఇదీ అందరికీ తెలిసిన సంగతే. కట్టు కట్టిన మనిషే దాన్ని విప్పాలి, లేకుంటే ఎముక వంకరపోతుంది. అందుకే ఊరు రెండు పార్టీలైనాక, దెబ్బలు తగిలిన మగవాళ్ళు ఆమె గడప తొక్కడం మానేశారు.

అలాంటిది, ఆమె మొగుడైన పెద్దన్నను అవతలి పార్టీవాళ్ళు జమ్మలమడుగు సంతలో నరికి చంపిన అయిదో రోజు చెన్నయ్య వచ్చాడు. ఒకప్పుడు పెద్దన్నతో కలిసి మేకలు మేపినవాడే, ఇప్పుడు ఆ పార్టీ మనిషి. ఆ రోజు సంతలో అతన్ని చూసినవాళ్ళున్నారు. కుడి ముంజేయి వాచి వేలాడుతోంది.

"యాడ పడితివి?"

"ఎద్దులబండి మింద నుంచి పడినా వదినా."

"ప్రొద్దుటూరు ఆసుపత్రికి పోల్యా?"

"ఆడ పోలీసోళ్ళు రాసుకుంటారు."

"బండి మింద నుంచి పడినోనికి పోలీసోళ్ళతో ఏం పని?"

చెన్నయ్య వాచిన చేతిని ముందుకు చాపాడు. వచ్చినవాణ్ణి కట్టు లేకుండా పంపకూడదని మునెమ్మకు అత్త నేర్పిన నియమం. కట్టింది. పదకొండో రోజు రమ్మంది.

కొడుకు గంగులయ్య ఆ పది రోజులూ కొడవలి నూరుతూనే ఉన్నాడు. "విప్పే పొద్దు నేనుంటా అమ్మా. వాడే అయితే ఆడనే తేల్చేస్తా" అన్నాడు. మునెమ్మ వద్దనలేదు. ఆమెను తొలిచే సంగతి ఇంకొకటి. ఆకు చెబుతుందని తెలిసి కూడా వీడు ఎందుకొచ్చినట్టు?

పదకొండో రోజు చెన్నయ్య ఒంటరిగా రాలేదు. అతని పార్టీవాళ్ళు ఇద్దరు వెంట వచ్చారు. వాళ్ళకూ అతని మీద ఏదో అనుమానమే. మునెమ్మ వాళ్ళను కంచె బయటే నిలబెట్టింది. లోపల తలుపు వెనక గంగులయ్య నిలబడ్డాడు.

బద్దలు తీసి గుడ్డ విప్పింది. ఎండి అట్టకట్టిన ఆకు ఊడివచ్చింది. మునెమ్మ వంగింది, కొడుకూ వచ్చి వంగాడు. ఆకులోంచి వచ్చింది పెద్దన్న గొంతు.

"వద్దు చెన్నా, అడ్డం రావాకు. నిన్నూ నరుకుతారు."

అంతే. గంగులయ్య కొడవలిని నేల మీద పెట్టేశాడు.

"ఎందుకు చెప్పకపోతివప్పా?" మునెమ్మ అడిగింది.

"నేను చెబితే నమ్ముతావా వదినా?" చెన్నయ్య కంచె వైపు చూశాడు. "మొగానికి తువ్వాల చుట్టుకోని అడ్డం పోయింది నేనని మావోళ్ళకు తెలిస్తే నన్ను బతకనియ్యరు."

మునెమ్మ కళ్ళు తుడుచుకుని కొడుకు వైపు తిరిగింది. "ఎముక ఇంకా అతకల్యా. ఇంకో కట్టు పడాల. పోయి నాలుగు కొమ్మలు కోసుకరా."

గంగులయ్య కొడవలి తీసుకుని కంచె దగ్గరికి పోయాడు. ఆ కొడవలి చూసి బయటివాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు. అతను వంగి బందారు కొమ్మలు కోయసాగాడు.

"ఏం చెప్పింది ఆకు?" వాళ్ళలో ఒకడు గట్టిగా అడిగాడు.

మునెమ్మ గడపలోకి వచ్చింది. ఇరవై ఏళ్ళలో ఆకు మాటను ఆమె ఒక్క అక్షరం మార్చి చెప్పలేదని రెండు పార్టీలకూ తెలుసు.

"ఏం చెబుతాది? ఎద్దును తిట్టిన తిట్లే" అంది. "బండి మింద నుంచే పడినాడు."