బీరువాలో పెట్టిన సూదిమందు

హలో, అందరికీ వినబడుతోందా? ఆ టీవీ సౌండు కాస్త తగ్గించండి, మధ్యలో వదిలేసే సంగతి కాదిది. మొయినాబాద్ పక్కన సురంగల్ ఉంది చూడండి, అక్కడి కరుణమ్మ కథ.

కరుణమ్మ ఇంట్లో ఓ పోలండ్ పిల్ల ఉండేది. పేరు మార్తా. జీతం గీతం లేకుండా ఊరి బడిపిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి వచ్చింది. వచ్చిన రోజే కరుణమ్మకు ఆమె కూతురు జెన్నీ చేత ఒక మాట చెప్పించింది. తనకు పల్లీలు పడవు. చిన్న పలుకు లోపలికి పోయినా గొంతు పూడుకుపోతుంది. అప్పుడు తన సంచిలో పెన్నులా ఉండే సూదిమందు తొడకు గుచ్చాలి. ఎలా గుచ్చాలో సూది లేని ఉత్తుత్తి పెన్నుతో చూపించింది కూడా.

"సూదంటేనే నాకు కండ్లు తిరుగుతయ్ బిడ్డా," అని కరుణమ్మ మొహం తిప్పుకుంది. కానీ ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పల్లీ కనబడితే ఒట్టు. చట్నీకి కూడా పుట్నాలే.

ఓ ఆదివారం ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నారు. ఇంటికి జనం వస్తున్నారంటే కరుణమ్మకు ఒక అలవాటు, విలువైనవన్నీ బీరువాలోకి చేరాల్సిందే. గొలుసు, జెన్నీ లాప్‌టాప్, వాటితోపాటు మేకుకు వేలాడుతున్న మార్తా సంచి కూడా. పరాయి దేశం పిల్ల సామాను నా ఇంట్లో పోతే పరువుంటుందా అనుకుంది. మార్తా స్నానానికి వెళ్లింది, చెప్పాలన్న ఆలోచనే రాలేదు. భర్త రత్నాకర్ బీరువాకు తాళం వేసి, చెవి జేబులో వేసుకుని, పాస్టరుగారిని తీసుకురావడానికి బండి మీద చేవెళ్లకు వెళ్లాడు.

అంతలో పక్కింటి మైసమ్మ గిన్నె పట్టుకొచ్చింది. వాళ్లింట్లో ఏది వండినా ఇక్కడికి ఒక గిన్నె రావాల్సిందే.

"వంకాయ కూర అక్కా. తెల్లపిల్లకు పెట్టు, మా సేతి రుచి గూడ సూడనీ."

"పల్లీలు?" అని మార్తా అడిగింది.

కరుణమ్మ గరిటెతో కలిపి చూసింది. ఒక్క గింజా కనబడలేదు. "లెవ్వు బిడ్డా, తిను," అంది.

రెండు ముద్దలు తిందో లేదో మార్తా పెదవులు ఉబ్బాయి. మెడంతా ఎర్రబడింది. లేచి మేకు వైపు చేయి చాచింది. మేకు ఖాళీ!

కరుణమ్మ మైసమ్మ వైపు తిరిగింది. "మైసమ్మా, కూరల ఏమేసినవే?"

"ఏమేస్తనక్కా... గుజ్జుకు జర పల్లిపొడి. నూరి ఏసిన గద, గింజ ఏడుందీ?"

"ఓరి దేవుడా! జెన్నీ, నాయినకు ఫోన్ కొట్టు!"

జెన్నీ ఫోన్ చేసింది. ఆ ఫోను గూట్లోనే మోగింది. ఛార్జింగుకు పెట్టి మరిచిపోయాడు మహానుభావుడు.

"అమ్మా, 108కి జేస్తున్న. ఆమెను పండవెట్టు, లేవనియ్యకు!"

మార్తా ఊపిరి ఈలలా వస్తోంది. తొడను వేలితో చూపిస్తోంది. మాట రావడం లేదు. మొయినాబాద్ నుంచి అంబులెన్సు ఎంత తొందరగా వచ్చినా ఆ ఊపిరి అందాకా నిలుస్తుందా?

కరుణమ్మ పెరట్లోకి ఉరికి గడ్డపార తెచ్చింది. పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన బీరువా అది. ఇన్నేళ్లలో దాని మీద గీత పడనివ్వలేదు. గడ్డపార మొనను తలుపు సందులో దూర్చి ఒరిగింది. కదల్లేదు.

"నువ్వొక్కదానివేనా, జరుగు!" అంటూ మైసమ్మ కూడా ఏడుస్తూనే గడ్డపార మీద పడింది. ఇద్దరి బరువుకూ తలుపు కీచుమని వంగింది, దాని మీది అద్దం భళ్లుమంది. వంగిన తలుపు సందులోంచే చేయి పెట్టి కరుణమ్మ సంచి లాగింది.

పెన్ను చేతికొచ్చింది. దాన్ని కూతురి వైపు చాచింది. "జెన్నీ, నువ్వు పొడువే!"

"నేను లైన్ల ఉన్ననమ్మా! మూత వీకి గట్టిగ ఒత్తు, జల్ది!"

కరుణమ్మ కళ్లు మూసుకోబోయింది. ఈసారి మొహం తిప్పుకుంటే పిల్ల దక్కదు. కళ్లు తెరిచే మార్తా తొడకు ఆనించి ఒత్తింది. టక్కుమంది. తీయకుండా అలాగే పట్టుకుని నోటికొచ్చిన ప్రార్థనంతా చేసింది.

కాసేపటికి ఆ ఈల తగ్గింది. మార్తా పొడుగ్గా ఊపిరి పీల్చి, కరుణమ్మ వేలు పట్టుకుంది. అప్పుడు ఏడ్చింది కరుణమ్మ, బిగ్గరగా.

మార్తాను, కరుణమ్మను అంబులెన్సు దవాఖానకు తీసుకెళ్లాక రత్నాకర్ పాస్టరుగారితో దిగాడు. వంగిన బీరువా చూసి బిత్తరపోయాడు. "ఏందిది, దొంగలు వడ్డరా?"

"మేమే వడ్డం అన్నా," అంది గాజుపెంకులు ఊడుస్తున్న మైసమ్మ. "గా చెవి జేబుల ఏసుకొని ఊరేగుతవా? ముందు దవాఖానకు నడువు."

మర్నాడు మార్తా ఇంటికొచ్చింది. బీరువా తలుపు ఇప్పటికీ పడదు, పాత చీర పేలికతో కట్టి ఉంచారు. సంచి మాత్రం మేకు మీదే ఉంటుంది. ఎంతమంది చుట్టాలొచ్చినా దాన్ని కరుణమ్మ కదలనివ్వదు. మైసమ్మ గిన్నె ఇప్పటికీ వస్తుంది. కాకపోతే గడపలోనే నిలబడి, ఏమేమి వేసిందో అంతా చెప్పాకే లోపలికి ఇస్తుంది.

మీకు తెలిసిన ఇళ్లలోనూ ఏదో ఒకటి పడని మనిషి ఉండే ఉంటారు. వాళ్ల మందు ఎక్కడుందో ఇంటిల్లిపాదికీ తెలియాలి. అందుకని ఈ కథ మీ దగ్గరే ఆపకండి, వంట చేసేవాళ్లకీ, పక్కింటివాళ్లకీ కూడా పంపండి.